అమ్మే ముందు అడిగి చూడండి

చిరంజీవులైన పిల్లలకు,

ఆశీస్సులు. మీరంతా కలిసి రాసిన ఉత్తరం అందింది. తోలుబొమ్మలాట మీద అరగంట సినిమా తీయాలనుకోవడం, అదీ నిమ్మలకుంట వెళ్లి ఆ కళాకారుల ఇళ్లల్లోనే తీయాలనుకోవడం నాకెంతో నచ్చింది. 2020 సంవత్సరపు పద్మశ్రీ అందుకున్న తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుగారి ఊరది. మంచి చోటే ఎంచుకున్నారు. కానీ ఉత్తరం చివర డబ్బు సంగతి చదివాక మనసు ఆగలేదు. ఒకరు సైకిల్ అమ్మేస్తానన్నారు, ఒకరు అమ్మమ్మ ఇచ్చిన వీణ అమ్మేస్తానన్నారు. కెమెరా అద్దెకీ ప్రయాణాలకీ అవి సరిపోతాయా అని నన్ను అడిగారు. సరిపోతాయో లేదో తర్వాత చూద్దాం. మీకంటే ముందు ఈ దారిన నడిచినవాళ్ల కథలు కొన్ని వినండి.

దాదాసాహెబ్ ఫాల్కే పేరు అవార్డు వల్ల మీకు తెలిసే ఉంటుంది. 1912లో ఆయన లండన్ వెళ్లి కెమెరా కొనుక్కొచ్చాడు. దానికే ఇన్సూరెన్స్ పాలసీలు తాకట్టు పెట్టాల్సి వచ్చింది. కెమెరా వచ్చింది సరే, సినిమాకి పెట్టుబడి పెట్టేదెవరు? ఒక కుండీలో బఠాణీ గింజ నాటి, అది మొలకెత్తి ఎదగడాన్ని రోజూ కాస్త కాస్త ఫిలిం మీదకి ఎక్కించాడు. తెర మీద వేసి చూపిస్తే, రోజుల తరబడి పెరిగిన మొక్క చూస్తుండగానే లేచి నిలబడింది. ఆ చిన్న సినిమా చూశాకే అప్పు పుట్టింది. అదీ చాలక భార్య సరస్వతీబాయి నగలు కూడా పోయాయి. 'రాజా హరిశ్చంద్ర' 1913 మే 3న బొంబాయిలో విడుదలైంది.

సరస్వతీబాయి గురించి ఇంకొంచెం చెప్పాలి. ఆ రోజుల్లో ముడి ఫిలింకి అంచున రంధ్రాలు ఉండేవి కావు. చీకటి గదిలో కూర్చుని, ఫిలింకి వెలుతురు తగలకుండా ఆ రంధ్రాలన్నీ గుచ్చాలి. ఆ పని ఆవిడ నేర్చుకుని చేసింది. రసాయనాలు కలిపింది. షూటింగ్‌లో వెలుతురు నటుల మీద పడేలా తెల్ల దుప్పటి పట్టుకుని ఎండలో నిలబడింది. పొద్దుపోయేసరికి బృందం మొత్తానికి వంట చేసి పెట్టింది. నగలు ఇవ్వడం ఆవిడ చేసినవాటిలో ఒక్కటి మాత్రమే.

సత్యజిత్ రాయ్ సంగతీ అంతే. 'పథేర్ పాంచాలి' కోసం ఇన్సూరెన్స్ పాలసీ వదులుకున్నాడు, ప్రాణంగా కూడబెట్టుకున్న గ్రామఫోను రికార్డులు అమ్మాడు, భార్య బిజయ నగలు తాకట్టు పెట్టాడు. 1952 అక్టోబర్‌లో రెల్లుపూల చేలో మొదటి రోజు షూటింగ్ చేసి, తర్వాతి ఆదివారం వెళ్లి చూస్తే పశువులు ఆ పూలన్నీ మేసేశాయి. మిగతా సన్నివేశం తీయడానికి మళ్లీ పూలు పూసేదాకా ఆగాల్సి వచ్చింది. డబ్బు లేక షూటింగ్ ఆగిపోయిన నెలలు వేరే. చివరికి పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం డబ్బిస్తే 1955లో సినిమా పూర్తయింది.

ఆ పట్టుదలకి నేను చేతులెత్తి నమస్కరిస్తాను. అయినా రెండు విషయాలు మీ దృష్టికి తేవాలి. రెండు ఇళ్లల్లోనూ బయటికి వెళ్లినవి ఇల్లాలి నగలు. ఇంట్లో అందరికీ చెందిన వస్తువుని ఒకరి కల కోసం బయటికి తీసుకెళ్లాలంటే ఇంట్లో అందరూ మనస్ఫూర్తిగా ఒప్పుకోవాలి. రెండోది, నగలూ రికార్డులూ అన్నీ పోయినా రాయ్ సినిమా పూర్తి కాలేదు. వస్తువు అమ్మితే కొన్నాళ్లు గడుస్తుంది, అంతే. ఆ తర్వాత అడగాల్సినవాళ్లని అడగక తప్పదు. ఎలాగూ అడగాల్సిందే అయినప్పుడు ముందే అడగొచ్చు కదా?

అలా ముందే అడిగినవాళ్లలో నాకు అందరికంటే ఇష్టమైన కథ 'మంథన్'ది. తీసింది మన శ్యామ్ బెనెగల్. మన అని ఎందుకంటున్నానంటే ఆయన పుట్టింది తిరుమలగిరిలో, చదివింది హైదరాబాద్‌లో. తండ్రి ఫొటోగ్రాఫర్. ఆయన ఇచ్చిన కెమెరాతో పన్నెండేళ్లకే తొలి సినిమా తీశాడు. ఇంట్లో వస్తువు పిల్లవాడి చేతిలో పనిముట్టు అయితే ఏమవుతుందో చూడండి. వీణ సంగతి కూడా అలాగే ఆలోచించండి. మీ సినిమాకి సంగీతం కావాలి కదా? దాన్ని అమ్మేసి, ఆ డబ్బుతో ఇంకొకరి దగ్గర సంగీతం కొనుక్కుంటారా?

'మంథన్' గుజరాత్ పాల సహకార సంఘాల కథ. వర్గీస్ కురియన్ ఆ ఉద్యమాన్ని నడిపిస్తున్న రోజులవి. సినిమాకి 10 లక్షల రూపాయలు కావాలి. సంఘాల్లో పాలు పోసే రైతులు 5 లక్షల మంది తలా 2 రూపాయలు ఇచ్చారు. లెక్క సరిగ్గా సరిపోయింది. 1976లో సినిమా వచ్చినప్పుడు, దాని నిర్మాతలు గుజరాత్ రైతులని టైటిల్స్‌లోనే వేశారు. రైతులు లారీలెక్కి సినిమా హాళ్లకి వచ్చారు. మన సినిమా అని పక్కవాళ్లనీ వెంటబెట్టుకొచ్చారు. డబ్బు ఒక్కటే కాదు, ప్రేక్షకులు కూడా ముందే సమకూరారు. ఆ సినిమా పాత నెగెటివ్‌ని శుభ్రం చేసి బాగుచేసిన ప్రతిని 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో వేశారు. అదే ఏడాది డిసెంబర్‌లో బెనెగల్‌గారు వెళ్లిపోయారు.

కన్నడంలో పవన్ కుమార్ 2013లో 'లూసియా' కూడా ఇలాగే జనం డబ్బుతో తీశాడు. తెలుగులో 2018లో వచ్చిన 'మను' కూడా అంతే. ఇప్పుడు దీన్ని క్రౌడ్ ఫండింగ్ అంటున్నారు. మా కుర్రతనంలో చందాలు అనేవాళ్లం. మా ఊళ్లో సంక్రాంతికి పద్యనాటకం ఆడేవాళ్లు. చందా పుస్తకం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది మేమే. ఒకరు బస్తా ధాన్యం, ఒకరు అయిదు రూపాయలు, కిరాణా కొట్టాయన పెట్రోమాక్స్ లైట్ల అద్దె. పావలా ఇచ్చినా రసీదు చించి ఇవ్వాల్సిందే. దాని నకలు మా దగ్గర ఉండాల్సిందే. నాటకం అయిన మర్నాడు పొద్దున్నే రామాలయం గోడకి లెక్క అంటించేవాళ్లం: హార్మోనిస్టుకి ఎంత, మేకప్‌కి ఎంత, మిగిలింది ఎంత, అది ఎవరి దగ్గరుంది. పెద్దవాళ్లు కళ్లజోడు సవరించుకుని ఒక్కో పద్దూ చదివేవాళ్లు. ఆ కాగితం ఉండబట్టే మరుసటి ఏడాది మళ్లీ వాళ్ల గడప తొక్కే ధైర్యం మాకు ఉండేది.

ఇప్పటి పద్ధతి మీకు నాకంటే బాగా తెలుసు. అయినా నాకు ముఖ్యమనిపించినవి చెబుతాను. ఇంటర్నెట్‌లో ఇలా జనం దగ్గర డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్ అనే వెబ్‌సైట్ 2009లో మొదలైంది. అందులో ఒక నియమం ఉంది. అనుకున్న మొత్తం గడువులోగా రాకపోతే ఇస్తామన్నవాళ్ల దగ్గర ఒక్క పైసా తీసుకోరు. చాలా న్యాయమైన నియమమిది. సగం డబ్బుతో సగం సినిమా తీసి ఎవరికి చూపిస్తాం? మీరు ఎక్కడ డబ్బు అడిగినా, ఈ మొత్తం రాకపోతే ఎవరిది వాళ్లకి తిరిగి ఇచ్చేస్తాం అని మొదటి పేరాలోనే రాయండి.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఈథన్ మొల్లిక్ అనే ప్రొఫెసర్ 2015లో ఒక అధ్యయనం చేశారు. కిక్‌స్టార్టర్‌లో డబ్బు అందుకున్న ప్రాజెక్టుల్లో సుమారు 9 శాతం ఇస్తామన్నది ఇవ్వలేకపోయాయని అందులో తేలింది. వాళ్లందరూ మోసగాళ్లు కారు. ఎక్కువమంది ఖర్చు తక్కువగా అంచనా వేసుకుని, పోస్టు ఖర్చు మరిచిపోయి, ఆశ కొద్దీ పెద్ద మాటలిచ్చి ఇరుక్కుని ఉంటారని నా నమ్మకం. కాబట్టి మీరు టీషర్టులూ మగ్గులూ ఇస్తామని రాయకండి. సినిమా అందరికంటే ముందు చూపిస్తాం, పేరు వేస్తాం అనండి, చాలు. లాభంలో వాటా ఇస్తామని మాత్రం ఎక్కడా రాయొద్దు. అలా జనం దగ్గర డబ్బు తీసుకోవడానికి మన దేశంలో కఠినమైన చట్టాలున్నాయి. మీకు పద్దెనిమిదేళ్లు నిండలేదు కాబట్టి బ్యాంకు ఖాతా ఇంట్లో పెద్దవాళ్ల పేరు మీద, ఈ పనికే విడిగా తెరిపించండి. ఇంటి ఖర్చు డబ్బు దాంట్లో కలవకూడదు.

మీరు పంపిన ఖర్చుల చీటీలో ఒక పద్దు కనిపించలేదు. కెమెరా ఉంది, లైట్లు ఉన్నాయి, భోజనాలు ఉన్నాయి. బొమ్మలాట ఆడే కళాకారులకి ఇచ్చే డబ్బు ఎక్కడ? ఒక రోజంతా వాళ్లు మీ కోసం తెర కట్టి, దీపం పెట్టి ఆడితే, ఆ రోజు వాళ్ల సంపాదన పోయినట్టే. ఆ పద్దు అన్నిటికంటే పైన రాయండి. ఎవరైనా తాతల నాటి బొమ్మలు పెట్టెలోంచి తీసి చూపిస్తే, అడక్కుండా ముట్టుకోకండి, లైటు మరీ దగ్గరగా పెట్టకండి. అది తోలు, వేడికి ముడుచుకుపోతుంది. చూపించమని ఒత్తిడి కూడా చేయొద్దు.

సైకిల్ మాట. నిజంగా ఎక్కడం మానేసి ఉంటే, అమ్మానాన్నలు సరేనంటే అమ్మండి, తప్పు లేదు. ఆ డబ్బుతో ముందు రెండు నిమిషాల చిన్న సినిమా తీయండి. బొమ్మలాటాయన చేతులు మాత్రమే కనపడేలా తీసినా చాలు. ఫాల్కే బఠాణీ మొక్కని చూపించినట్టు, మీరు దాన్ని చూపించి చందా అడగొచ్చు. ఊరికే అడిగితే బంధువులు మొహమాటానికి ఇస్తారు. ఆ చిన్న సినిమా చూశాక ముక్కూ మొహం తెలియనివాళ్లు కూడా ఇస్తారు.

ఖర్చుల చీటీ తిరగరాసి నాకు పంపండి. అంకెలు నేనొకసారి సరిచూస్తాను. నా చందా 500 రూపాయలు మీ ఖాతా తెరిచిన రోజే వేస్తాను. రసీదు మాత్రం మర్చిపోకుండా పంపాలి.

ఇట్లు,
మీ తాతయ్య