పిల్లికి పాలసీసా

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక తల్లి అడిగారు: "మా రెండున్నరేళ్ల బాబు, పిల్లి అరిస్తే తన పాలసీసా తెచ్చి దాని మూతికి పెడతాడు. మరుక్షణం తోక పట్టుకుని లాగుతాడు. వీడికి జాలి ఉన్నట్టా, లేనట్టా?"

తోక సంగతి తేలిక. చేతిని ఆపుకోవడం ఆ వయసులో ఇంకా కుదరదు. నన్ను పట్టేసింది పాలసీసా.

ఒక పసికందు ఏడిస్తే పక్క ఉయ్యాల్లో బిడ్డా అందుకుంటుంది. ఏడుపు అలా అంటుకుంటుంది సరే, ఎదుటి ప్రాణికి ఏం కావాలో తెలియడం వేరే విద్య. ఏడాది దాటిన పిల్లాడు ఏడుస్తున్న నేస్తం కోసం, వాడి తల్లి అక్కడే ఉన్నా, తన తల్లినే లాక్కొస్తాడని అమెరికా మనస్తత్వవేత్త మార్టిన్ హాఫ్‌మన్ రాశాడు. పాలసీసాదీ అదే బాపతు. నాకు పనిచేసిన మందు దానికీ పనిచేస్తుందని.

మరి ఎదుటి జంతువు కోరికను పిల్లలు కనిపెట్టగలరా? 2023లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 20 నుంచి 47 నెలల పిల్లలు 97 మందిని, కంచె లోపలి కుక్కల దగ్గర వదిలారు. బొమ్మో తిండో కుక్కకు అందనంత దూరంలో ఉంది. కుక్క దానికోసం తంటాలు పడితే 50 శాతం సార్లు అందించారు, పట్టించుకోకపోతే 26 శాతమే. అంటే కుక్క చూపునీ కదలికనీ చదివారు!

మొన్న విజయవాడ మొగల్రాజపురంలో అక్క మనవరాలు అచ్చం ఇదే చేసింది. బిస్కెట్టు గేటు లోపల పడింది. వీధికుక్క ఊచల సందులో మూతి దూర్చి కాలితో గీరుతోంది. పిల్ల బిస్కెట్టును చూసింది, కుక్కను చూసింది, పాదంతో ముందుకు తోసింది. "అమ్మో, కరుస్తుంది!" అంటూ అక్క ఎత్తుకుపోయింది. అన్నం తినకపోతే "కుక్కకి పట్టిస్తా" అనేదీ అక్కే. ఇలా భయం నేర్పి, తర్వాత బడిలో భూతదయ పాఠం బట్టీ పట్టిస్తాం.

అక్క భయం ఉత్తదేం కాదు. కుక్క పళ్లు బయటపెట్టి గుర్రుమంటే, నవ్వుతోందనుకునే చిన్నపిల్లలు చాలామంది. మనం నవ్వితే కనబడేవీ పళ్లేగా! కుక్క ఒళ్లు బిగుసుకోవడం వాళ్ల కంటికి ఆనదు. అందుకే పక్కన పెద్దవాళ్లుండాలి.

అన్నట్టు, ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. పాలలోని లాక్టోజ్‌ను విడగొట్టే లాక్టేజ్ ఎంజైమ్, తల్లిపాలు మానాక తగ్గిపోతుంది. పిల్లి కనబడగానే పాలు పోసే మనదీ పాలసీసా బాపతే. గిన్నెలో నీళ్లు పోసి, బాబు చేతే దాని ముందుకు జరిపించండి.