సన్నగా ఉంటే ఫాస్టు, లావుగా ఉంటే డొక్కు... ఎవరు చెప్పారండీ?

నిన్న మళ్లీ ఒకబ్బాయి వచ్చాడు. చేతిలో 2012 నాటి 13 అంగుళాల యాపిల్ ల్యాప్‌టాప్ మ్యాక్‌బుక్ ప్రో, అదే, పక్కన డీవీడీ డ్రైవ్ ఉండే రెండు కిలోల మోడల్. "అన్నా, దీన్ని ఎంతకి తీసుకుంటారు? సన్నది కొనుక్కుంటా, అది ఫాస్టంట కదా" అన్నాడు. సికింద్రాబాద్‌లో సర్వీసు బల్ల ముందు కూర్చుని ఈ మాట ఎన్నిసార్లు విన్నానో!

అపోహ: సన్నది కాబట్టి ఫాస్టు, లావు మోడల్ అమ్మడం ముందే ఆపేయాల్సింది.

వాస్తవం: ఈ లావుదీ, యాపిల్ సన్న ల్యాప్‌టాప్ 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిరూ 2012 జూన్‌లో కలిసే వచ్చాయి. రెండింటిలోనూ ఒకే తరం ఇంటెల్ ఐ5 ప్రాసెసర్, పైగా బేస్ మోడల్ ఎయిర్‌లో 1.8 గిగాహెర్ట్జ్ అయితే లావుదాంట్లో 2.5. మరి ఎయిర్ టక్కున ఆన్ అయ్యేది, ఇది గింజుకునేది ఎందుకు? ఎయిర్‌లో ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే భాగాల్లేని వేగమైన స్టోరేజీ, దీంట్లో నిమిషానికి 5400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్. అంతే! ఆ డిస్కుతోనే, 4 జీబీ ర్యామ్‌తోనే 2016 అక్టోబరు దాకా అమ్మారు కాబట్టి జనం విసుక్కున్నారు. నన్నడిగితే ఆపేయాల్సింది ఆ హార్డ్ డిస్కుని, మోడల్‌ని కాదు. వెనక పది స్క్రూలు తీస్తే ఎస్‌ఎస్‌డీ వేసేయొచ్చు, ర్యామ్‌కి రెండు స్లాట్లున్నాయి, యాపిల్ 8 జీబీ వరకే అని రాసినా 16 పనిచేస్తుంది. ఎయిర్‌లో ర్యామ్ బోర్డుకే సోల్డర్ చేసి, అంటే అతికించేసి ఉంటుంది, కొన్న రోజు 4 అంటే చచ్చేదాకా 4.

డబ్బులు పోయేది ఇక్కడే. సన్నదాంట్లో చవకది కొంటారు, రెండేళ్లకి "ర్యామ్ పెంచండన్నా" అని వస్తారు, నేను చేతులెత్తేస్తాను. ఏ కంపెనీదైనా సరే, కొనేముందు మందం తర్వాత చూద్దురుగానీ, ర్యామ్‌కి స్లాట్ ఉందా, సోల్డర్ చేశారా అని అడగండి.

అపోహ: మోడల్ ఆపేశారంటే రిపేరు లేనట్టే.

వాస్తవం: యాపిల్ లెక్క అమ్మకం ఆపిన రోజు నుంచి మొదలవుతుంది. అయిదేళ్లు దాటితే వింటేజ్, అంటే పాతదాని కింద లెక్క, ఏడేళ్లు దాటితే కంపెనీ సర్వీసు దాదాపు ఉండదు. బయట పార్టులు ఆ తర్వాత కూడా దొరుకుతాయి. రెండేళ్ల కిందట ఒక పెద్దావిడ ఇదే మోడల్ తెచ్చారు, ఆన్ చేస్తే ఫోల్డర్ మీద ప్రశ్నార్థకం. ఒక షాపులో "డిస్క్ పోయిందమ్మా, ఈ మోడలే ఆపేశారు, ఇచ్చేసి కొత్తది తీసుకోండి" అన్నారట. "బాబూ, అందులో మా మనవరాలి బారసాల ఫొటోలున్నాయి" అంటూ ఆవిడ కళ్లు తుడుచుకుంటున్నారు. డిస్కు తీసి యూఎస్‌బీ కేసులో పెడితే ఫొటోలన్నీ ఉన్నాయి. పోయింది డిస్కుని బోర్డుకి కలిపే సన్నటి కేబుల్, ఈ మోడల్‌కి అది మామూలు జబ్బే. ఆ సంగతి తెలియకుండా షాపు ఎలా పెట్టారో!

లావుదే గట్టిది, సన్నవన్నీ వేస్టు అనేవాళ్లదీ అపోహే. 2012దాని సాఫ్ట్‌వేర్ మాక్‌ఓఎస్ కాటలినా వెర్షన్ దగ్గరే ఆగిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్లు కూడా రావు, బ్యాంకు పనులకు వాడకండి. ఇక సన్నదైతే ఆపరనుకోకండి. 2015లో ఒక్క యూఎస్‌బీ పోర్టుతో, ఫ్యాన్ లేకుండా వచ్చిన 12 అంగుళాల మ్యాక్‌బుక్ కిలో కూడా ఉండదు, 2019లో దాన్నీ ఆపేశారు.

నిన్నటి అబ్బాయి ఫోన్ యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో నేర్చుకుంటున్నాడట. దానికి ఇది చాలదని నేనే చెప్పాను, కొత్తది కొనుక్కో కానీ 16 జీబీకి తగ్గొద్దు అన్నాను. పాతది మాత్రం అమ్మలేదు. వాళ్లమ్మానాన్నల పెళ్లి డీవీడీ చూడాలంటే ఇంట్లో డ్రైవ్ ఉన్నది ఇదొక్కటేనట.