బ్రేక్ ప్యాడ్లు: లోపలిది చూడకుండా "బాగానే ఉంది" అనకండి

అపోహ: అలాయ్ సందులోంచి చూస్తే ప్యాడ్ మందంగా ఉంది, ఇప్పుడే మార్చక్కర్లేదు.

ఘాట్ దిగేటప్పుడు గరగరమని శబ్దం వస్తోందని బండి తెచ్చేవాళ్లు చెప్పేది ఎక్కువగా ఇదే: "నేను చూసినా అన్నా, ప్యాడ్ ఇంకా మందంగానే ఉండాది." చూసిన మాట నిజమే, కానీ వాళ్లకు కనిపించింది బయటి ప్యాడ్. లోపల ఇంకోటి ఉంది. ముందు అరిగేది చాలాసార్లు అదే.

మన ఫ్యామిలీ కార్లలో దాదాపు అన్నిటికీ పిస్టన్ (బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి ముందుకు జరిగే ముక్క) లోపలి వైపే ఉంటుంది. పెడల్ తొక్కితే అది లోపలి ప్యాడ్‌ను డిస్క్‌కు నొక్కుతుంది. ఆ ఒత్తిడికి క్యాలిపర్, అంటే డిస్క్‌ను రెండు వైపులా పట్టుకుని ఉండే బిగింపు, రెండు స్లైడ్ పిన్నుల మీద జరిగి బయటి ప్యాడ్‌ను లాక్కొస్తుంది. పిన్నుల రబ్బరు బూటు చిరిగి నీళ్లు, దుమ్ము చేరాయా, గ్రీజు ఎండి పిన్ను పట్టేస్తుంది. ఇక క్యాలిపర్ కదలదు, భారమంతా లోపలి ప్యాడే మోస్తుంది. బయటిది 7 మి.మీ. మిగిలి ఉండగానే లోపలిది ఇనుప పలక దాకా అరిగిపోయిన బండ్లు వస్తూనే ఉంటాయి. ఇనుము డిస్క్‌ను గీస్తే ప్యాడ్ల సెట్టుతో పోయే ఖర్చు కాస్తా డిస్కుల ఖర్చవుతుంది. ఘాట్ వంపులో బండి ఒక పక్కకు లాగితే ఆ నష్టానికి లెక్కే లేదు.

అందుకే చక్రం విప్పి, క్యాలిపర్ కిటికీలోంచి టార్చి వేసి రెండు ప్యాడ్లూ చూడండి. కొత్తదానికి ఇనుప పలక కాకుండా మెటీరియల్ సుమారు 10 మి.మీ. ఉంటుంది. ఏ ఒక్కటి 3 మి.మీ.కు వచ్చినా, అదే ఇరుసు మీది నాలుగు ప్యాడ్లూ మార్చాలి. ఒక చక్రానికే మార్చడం తప్పు. డిస్క్ కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది, అంతకన్నా పలచనైతే కొత్త ప్యాడ్లు దాన్ని కాపాడలేవు.

అపోహ: పాతవి లాగి కొత్తవి పెడితే పని అయిపోయింది.

కొత్తవి కూడా తొందరగా పోవడానికి కారణం ఈ నమ్మకమే. పట్టేసిన పిన్ను అలాగే వదిలేస్తే కొత్త లోపలి ప్యాడ్‌కూ అదే గతి. ముందు చక్రాలకు ఇంట్లో చేసుకునేవాళ్లు ఈ వరస తప్పకండి. చదునైన నేల మీద హ్యాండ్ బ్రేక్ వేసి, వెనక చక్రాలకు రాళ్లు పెట్టండి. నట్లు నేల మీద ఉండగానే వదులు చేయండి. జాకీ లేపడానికే, కింద స్టాండ్ లేకుండా పని మొదలుపెట్టొద్దు. క్యాలిపర్ బోల్టులు రెండూ విప్పి, దాన్ని పైన తీగతో కట్టేయండి, బ్రేక్ గొట్టానికి వేలాడనివ్వొద్దు. పిన్నులు రెండూ బయటికి లాగి తుడిచి, సిలికాన్ బ్రేక్ గ్రీజు పలచగా రాయండి. మామూలు బేరింగ్ గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి పిన్ను మళ్లీ పడుతుంది. బ్రాకెట్‌లో ప్యాడ్ చెవులు కూర్చునే చోట తుప్పు వైర్ బ్రష్‌తో గీకి, కొత్త క్లిప్పులు వేయండి. దుమ్మును నోటితో గానీ కంప్రెసర్‌తో గానీ ఊదకండి, తడిగుడ్డతో తుడవండి.

పాత ప్యాడ్‌ను అడ్డం పెట్టి సీ-క్లాంప్‌తో పిస్టన్‌ను నెమ్మదిగా వెనక్కి నొక్కండి. అరుపు పత్తీ (ప్యాడ్ అరిగితే డిస్క్‌కు తగిలి కీచుమనే చిన్న రేకు) ఉన్న ప్యాడ్ పాతది ఏ వైపు ఉందో కొత్తది కూడా ఆ వైపే. క్యాలిపర్ బోల్టులు చిన్నవి, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే (బిగింపు కొలతకే) బిగించండి, బలమంతా చూపిస్తే మరలు పోతాయి. చక్రం ఎక్కించాక, బండి కదలకముందే, పెడల్‌ను గట్టిపడేదాకా తొక్కాలి. పిస్టన్ వెనక్కి పోయి ఉంటుంది కాబట్టి మొదటి తొక్కుడుకు పెడల్ నేలకు తగులుతుంది, బ్రేక్ పట్టదు. గేటు గోడలకు గుద్దేది ఇక్కడే.

వెనక ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్ ఉన్న బండికి స్కానర్‌తో సర్వీస్ మోడ్ పెట్టకుండా పిస్టన్ నొక్కకండి. వెనక డ్రమ్ములైతే లైనర్ల పని వేరే.

అపోహ: బ్రేక్ ఆయిల్ తగ్గితే పోసేస్తే సరి.

ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్ ముందుకొచ్చి, డబ్బాలో మట్టం దిగుతుంది. అంటే అది ప్యాడ్లు చూడమని చెప్పే గుర్తు. పోసేస్తే ఆ గుర్తు చెరిగిపోతుంది, పైగా రేపు పిస్టన్ నొక్కినప్పుడు ఆయిల్ పొంగి పెయింట్ తింటుంది. నొక్కే ముందు మూత తీసి చూడండి, నిండుగా ఉంటే సిరంజితో కొంచెం తీయండి. ప్యాడ్లు మందంగానే ఉన్నా మట్టం దిగుతుంటే అది లీకేజీ, బండి నడపకండి.

అపోహ: ఘాట్‌లో న్యూట్రల్ వేస్తే పెట్రోలు మిగులుతుంది.

మిగలదు. ఇప్పటి ఇంజన్లు గేరులో దిగుతున్నప్పుడు ఇంధనాన్ని ఆపేస్తాయి, న్యూట్రల్‌లోనే ఐడ్లింగ్‌కు కాలుస్తాయి. ఇంజన్ ఆపితే పెడల్‌ను తేలిక చేసే బూస్టర్‌లోని వాక్యూమ్ రెండు మూడు తొక్కుళ్లకే అయిపోయి పెడల్ రాయి అవుతుంది. తిరుమల నుంచి దిగడానికి కనీసం 40 నిమిషాలన్న నియమం ఉంది, రెండో గేరులో దిగితే దానికి సరిపోతుంది. ఘాట్‌లో బ్రేక్ ఆయిల్ సంగతీ చూడాలి, పాతబడేకొద్దీ అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా కనీసం 230 డిగ్రీలకు మరుగుతుంది, తేమ చేరితే ఆ కనీసం 155కు పడిపోతుంది. వేడెక్కిన క్యాలిపర్‌లో ఆయిల్ మరిగితే పెడల్ మెత్తబడి లోపలికి పోతుంది. అందుకే రెండేళ్లకోసారి ఆయిల్ మార్చాలి.

పొగ, మాడు వాసన వస్తే కంగారు పడకండి. చదునైన చోట ఆపి, గేరులో పెట్టి, చక్రాలకు రాళ్లు వేసి అరగంట చల్లారనివ్వండి. నీళ్లు మాత్రం పోయకండి, డిస్క్ పగలవచ్చు.

పొద్దున్నే, వాన తర్వాత వచ్చే చిన్న కీచు డిస్క్ మీది పైపై తుప్పు. నాలుగు బ్రేకులకు పోతుంది, దానికి షాపుకు రావక్కర్లేదు.

కొత్త ప్యాడ్లు వేసిన రోజే కొండకు వెళ్లొద్దు. ఖాళీగా ఉన్న చదును రోడ్డు మీద 50 వేగం నుంచి 10కి, పూర్తిగా ఆపకుండా, పది పదిహేనుసార్లు మధ్యస్థంగా బ్రేక్ వేయండి, ఒక్కోసారికి మధ్య కొంచెం దూరం నడపండి. తర్వాత బ్రేక్ వాడకుండా ఐదు నిమిషాలు తిప్పి చల్లార్చండి. 50 కిలోమీటర్లు తిరిగాక చక్రాల నట్లు ఇంకోసారి టార్క్ రెంచితో చూసుకోండి.