మేపుల్ అడవి ఫొటోలో ముద్దయిపోకుండా

అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో కాంకమాగస్ హైవే అని ఒకటుంది. లింకన్ నుంచి కాన్వే దాకా, వైట్ మౌంటెన్స్ కొండల మధ్యలోంచి సుమారు 55 కిలోమీటర్లు. అక్టోబరు వచ్చిందంటే బోస్టన్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు చాలామంది ఫాల్ కలర్స్, అంటే ఆకులు రాలే ముందు మారే రంగులు, చూడ్డానికి అటు బయల్దేరతారు. నేనూ అలాగే మొదటిసారి వెళ్లి, కారు ఆపి అడవిలోకి నాలుగడుగులు వేసి, ఆ రంగులకి ఊపిరాడక ఒక్క పూటలో మూడొందల ఫొటోలు తీశాను. ఇంటికొచ్చి చూస్తే ఒక్కదాంట్లోనూ ఆ అడవి లేదు. ఎరుపూ పసుపూ కలిసిపోయిన ముద్ద ఉంది, అంతే.

కారణం మన కళ్లలోనే ఉంది. రెండు కళ్లకీ అందే బొమ్మల్లో చిన్న తేడా ఉంటుంది, దాన్ని బట్టే ఏ చెట్టు ముందుందో ఏది వెనకుందో మెదడు పోల్చుకుంటుంది. పైగా తల కాస్త కదిపితే చాలు, దగ్గరి కొమ్మలు దూరపు కొమ్మల మీదుగా జరుగుతాయి. కెమెరాకి ఉన్నది ఒకటే కన్ను, అదీ కదలదు. పదడుగుల దూరంలో ఉన్న ఆకూ వందడుగుల దూరంలో ఉన్న ఆకూ ఒకే కాగితం మీద అతికించినట్టు వస్తాయి. అందుకే దట్టమైన అడవిని ఫొటో తీయడమంటే, నా దృష్టిలో, చెట్టుకీ చెట్టుకీ మధ్య పోయిన ఆ ఎడాన్ని మళ్లీ తెచ్చిపెట్టడం.

పొగమంచు ఉంటే సగం పని అదే చేసిపెడుతుంది. నీటి బిందువులు కాంతిని చెదరగొడతాయి కాబట్టి దూరం పెరిగేకొద్దీ చెట్లు పాలిపోతాయి, ముందున్న మాను నల్లగా నిలబడుతుంది. మంచు లేని రోజున మన కాళ్లే ఆధారం. ఎడమకి ఒక అడుగు, కాస్త వంగి మళ్లీ ఒక అడుగు, అలా ఒక మాను ఇంకో మాను మీద పడకుండా విడివిడిగా కనిపించే చోటు దొరికేదాకా ట్రైపాడ్ తెరవకూడదు. ఆకుల సందుల్లోంచి కనిపించే తెల్లటి ఆకాశం ముక్కల్ని కూడా ఫ్రేమ్‌లోంచి తప్పించాలి, చూసేవాడి చూపు ముందు వాటి మీదికే పోతుంది.

ఎండ బాగా కాస్తున్న మధ్యాహ్నం కన్నా మబ్బు పట్టిన రోజు నయం. ఎండలో చుక్కలు చుక్కలుగా పడే వెలుగుకీ పక్కనే ఉన్న నీడకీ తేడా మరీ ఎక్కువ. ఇక పోలరైజర్ సంగతి. ఒకే దిశలో కంపించే కాంతిని అడ్డుకోవడానికి లెన్స్ ముందు బిగించి తిప్పే ఫిల్టర్ అది. ఆకు మీద సన్నటి మైనపు పొర ఉంటుంది, ఆకాశపు తెలుపు దాని మీద మెరిసి అసలు రంగుని కప్పేస్తుంది. ఇలా మెరిసే కాంతి ఒక ప్రత్యేక కోణంలో పూర్తిగా ఒకే దిశలో కంపిస్తుంది, ఆ కోణం లెక్కని డేవిడ్ బ్రూస్టర్ 1815లో తేల్చాడు. ఫిల్టర్ తిప్పుతూ చూస్తే ఆ మెరుపు తగ్గి కింద ఉన్న ఎరుపు బయటపడుతుంది. వాన వెలిశాక తడి ఆకుల మీద ఈ మార్పు చూసి తీరాలి! ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల వెలుతురు పోతుంది (ఒక స్టాపు అంటే వెలుతురు సగమవడం), గాలికి ఆకులు కదులుతుంటే ఐఎస్ఓ, అంటే కెమెరా వెలుతురుకి స్పందించే స్థాయి, పెంచక తప్పదు.

ఆ రంగుల పుట్టుక కూడా చెప్పాలి. పసుపు ఇచ్చే కెరోటినాయిడ్లు ఆకులో ముందునుంచే ఉంటాయి, పత్రహరితం విరిగిపోయాక బయటపడతాయి. మేపుల్ ఎరుపు అలా కాదు. అది ఆంథోసయనిన్, పగలు మంచి ఎండ, రాత్రి చలి ఉన్న రోజుల్లో ఆకులో మిగిలిన చక్కెరతో చెట్టు అప్పటికప్పుడు తయారుచేసుకుంటుంది. మన మామిడి లేత చిగుళ్లు ఎర్రగా ఉండేదీ ఈ ఆంథోసయనిన్ వల్లే.

కెమెరా తడబడేది కూడా ఈ ఎరుపు దగ్గరే. కొడాక్‌లో పనిచేసిన బ్రైస్ బేయర్ పేరుతో 1976లో పేటెంటు వచ్చిన రంగు ఫిల్టర్ల అమరికనే ఇప్పటికీ ఎక్కువ కెమెరా సెన్సర్లు వాడుతున్నాయి. అందులో ప్రతి నాలుగు పిక్సెళ్లలో రెండు ఆకుపచ్చకి, ఒకటి నీలానికి, ఒక్కటే ఎరుపుకి. ఎర్రటి ఆకు మీది వివరమంతా దాదాపు ఆ ఒక్కదాని మీదే ఆధారపడుతుంది. మామూలు హిస్టోగ్రామ్ (ఫొటోలో చీకటీ వెలుగూ ఎంతెంత ఉన్నాయో చూపే గ్రాఫ్) బాగానే ఉన్నట్టు కనిపిస్తున్నా ఎరుపు ఛానల్ అప్పటికే నిండిపోయి ఉండొచ్చు, అప్పుడు ఈనెలు పోయి ఆకు రంగు మరకలా మిగులుతుంది. మూడు రంగుల హిస్టోగ్రామ్ విడిగా చూసుకుని ఎక్స్‌పోజర్ కాస్త తగ్గించండి. రా ఫైలే, అంటే సెన్సర్ పట్టినది పట్టినట్టు దాచే ఫైలే, తీయండి: 14 బిట్ల రా ఫైల్లో ఒక్కో ఛానల్‌కి 16,384 మెట్లుంటాయి, జేపెగ్‌లో 256 మాత్రమే. వెలుతురు రంగుని బట్టి ఫొటో రంగులు సరిచేసే ఆటో వైట్ బ్యాలెన్స్ ఫ్రేమంతా నారింజ రంగు చూసి వెలుతురే అలా ఉందనుకుని నీలం కలిపేస్తుంది, దాన్ని డేలైట్‌కి మార్చి పెట్టుకోండి.

ఫొటోని కంప్యూటర్లో దిద్దే ప్రాసెసింగ్‌లో అందరి చెయ్యీ ముందు సాచురేషన్, అంటే రంగుల గాఢత, మీదికి పోతుంది. నా చెయ్యీ అంతే, చాలా ఏళ్లు. అది పెంచితే అన్ని రంగులూ ఒకేసారి అరుస్తాయి, ఎడం ఇంకా పోతుంది. ఇప్పుడు నేను చేసేది తగ్గించడం. వెనక చెట్లలో కాంట్రాస్టు తగ్గించి, నేల మీది రాలిన ఆకుల్ని కొంచెం చీకటి చేసి, అంచుల్లో పచ్చని చల్లార్చి, నాకు కావాల్సిన ఒక్క చెట్టుని మాత్రం అలాగే వదిలేస్తాను. షార్ప్‌నెస్ కూడా దానికే. కిందటేడు స్విఫ్ట్ నది ఒడ్డున తీసిన బర్చ్ ఫొటోలో సాచురేషన్ అసలు ముట్టుకోలేదు. ఆ తెల్లటి మాను వెనక ఎర్ర మేపుళ్లు ఎంత దూరంలో ఉన్నాయో చూడగానే తెలుస్తుంది.