పట్టాలు తప్పిన చక్రం తనంతట తాను తిరిగి ఎక్కుతుందా? అపోహలు - వాస్తవాలు

పట్టాలు తప్పిన గూడ్సు వ్యాగన్‌ను ఇంజను మెల్లగా లాగుతుండగా, కంకరలో దిగబడిన చక్రాలు క్రమంగా పైకి లేచి, పక్కకు జరిగి, టక్కున పట్టా మీద కూర్చునే వీడియో ఒకటి కొంతకాలంగా ఫోన్లలో తిరుగుతోంది. మా మెట్టుగూడలో ఉండే ఒక రిటైర్డ్ మాస్టారు దాన్ని నాకు చూపించి, "పట్టా తప్పినా మళ్లీ ఎక్కేలా చక్రాన్ని తయారు చేస్తారట కదండీ, అలాంటప్పుడు పెట్టెలు రోజుల తరబడి ఎందుకు పడి ఉంటాయి?" అని అడిగారు. సికింద్రాబాద్ చుట్టుపక్కల డిపోలలో, యార్డులలో క్యారేజ్ అండ్ వ్యాగన్ విభాగంలో ఇరవై ఏళ్లకు పైగా పనిచేస్తున్న నాకు ఈ ప్రశ్న కొత్తది కాదు. రైలు చక్రం ఆకారంలో ఎంతో ఆలోచన ఉన్న మాట నిజమే గాని, ఆ ఆలోచన అంతా చక్రం పట్టా మీద ఉన్నంతసేపే పనికి వస్తుంది. ఈ తేడా తెలియకపోవడం వల్లనే కింద రాసిన అపోహలన్నీ పుట్టాయని నా అభిప్రాయం.

ముందుగా ఒక మాట చెప్పాలి. జనం పెట్టెనే బోగీ అంటారు. మా పనిలో బోగీ అంటే పెట్టె కింద రెండు చక్రాల జతలను పట్టి ఉంచే ఉక్కు చట్రం. ఇక్కడ ఆ మాటను మా అర్థంలోనే వాడుతున్నాను.

అపోహ: పడిపోయిన చక్రాన్ని దాని ఆకారమే తిరిగి పట్టా మీదికి నడిపిస్తుంది.

వాస్తవం: చక్రానికి లోపలి వైపున ఉండే అంచును ఫ్లాంజ్ అంటాం. కొత్త చక్రానికి దాని ఎత్తు 28.5 మిల్లీమీటర్లు మాత్రమే, అంటే బొటనవేలి వెడల్పు కన్నా కాస్త ఎక్కువ. చక్రం పట్టా తప్పాలంటే ఆ కొద్దిపాటి ఎత్తు ఎక్కితే చాలు. తిరిగి రావాలంటే మాత్రం లెక్క పూర్తిగా మారిపోతుంది. మన ప్రధాన మార్గాలలో వాడే, మీటరుకు 60 కిలోల బరువుండే పట్టా ఎత్తు 172 మిల్లీమీటర్లు. స్లీపర్ల మీద, అంటే పట్టాల కింద అడ్డంగా పరిచే కాంక్రీటు దిమ్మల మీద, పడిన చక్రం అంత ఎత్తూ లేచి, ఆ పైన పట్టా తల వెడల్పును దాటి పక్కకు జరగాలి. ఒకే యాక్సిల్‌కు (ఇరుసుకు) బిగించి ఉంటాయి గనుక రెండు చక్రాలూ ఆ పని ఒకేసారి చేయాలి.

ఇంకొక సంగతి కూడా ఉంది, దీన్ని నేను కొత్తవాళ్లకు యార్డులో చక్రం పక్కన నిలబెట్టి చూపిస్తాను. పట్టా తప్పినప్పుడు ఒక చక్రం పట్టాకు బయట, దాని జత చక్రం రెండు పట్టాల మధ్య పడతాయి. బయట పడిన చక్రానికి పట్టా వైపు ఉండేది ఫ్లాంజ్ వెనుక భాగం, అది నున్నగా, నిటారుగా ఉండే గోడ. లోపల పడిన చక్రానికి పట్టా వైపు ఉండేది బయటి ముఖం, అదీ నిటారు గోడే. చక్రాన్ని పట్టా మీద నిలిపే వాలు ఏదైతే ఉందో, అది ఈ రెండింటిలో ఏ చక్రానికీ ఇప్పుడు పట్టా వైపు లేదు. నిటారుగా ఉన్న ఉక్కు, నిటారుగా ఉన్న ఉక్కును ఎక్కలేదు.

మరి వీడియోలో జరిగిందేమిటి? జాగ్రత్తగా చూస్తే చక్రాల ముందు పట్టాకు ఇరువైపులా బిగించిన రెండు ఇనుప రాంపులు కనిపిస్తాయి. బయటి చక్రానికి పెట్టే రాంపు దాన్ని పైకెత్తి పట్టా మీదుగా లోపలికి జార్చుతుంది. లోపలి చక్రానికి పెట్టేది దాన్ని ఎత్తి బయటికి నెడుతుంది. వాలు చక్రంలో లేదు, రాంపులో ఉంది. ఈ పద్ధతి కూడా పెట్టె నిటారుగా నిలిచి, చక్రాలు పట్టాకు దగ్గరగా పడి, మనిషి నడకకన్నా మెల్లగా లాగినప్పుడే పనికొస్తుంది. చక్రాలు దూరంగా పోయినా, పెట్టె ఒరిగినా హైడ్రాలిక్ జాకీలు పెట్టాల్సిందే. పట్టాలకు అడ్డంగా ఒక ఉక్కు దూలం పరిచి, దాని మీద రోలర్లపై జరిగే పీటలో జాకీ నిలిపి, పెట్టెను ఎత్తి, పక్కకు జరిపి, దించుతాం. జాకీ ఎత్తే ప్రతి కొద్ది దూరానికీ కింద చెక్క దిమ్మలు పేర్చుకుంటూ పోతాం, ఎందుకంటే నూనె గొట్టం ఒక్కటి తెగినా పెట్టె బరువు మనుషుల మీదికి వస్తుంది. అందరూ చక్రం వైపు చూస్తున్నప్పుడు ఆ దిమ్మల వైపు చూసేవాడే మంచి సూపర్‌వైజరని నేను నమ్ముతాను. పెట్టెలు పూర్తిగా బోర్లాపడిన చోట 140 టన్నుల క్రేన్ కావాలి.

అపోహ: రైలును పట్టా మీద పట్టి ఉంచేది ఫ్లాంజే.

వాస్తవం: తిన్నని మార్గంలో ఫ్లాంజ్ పట్టాను తాకనే కూడదు. పట్టా మీద దొర్లే భాగాన్ని ట్రెడ్ అంటాం. అది ఫ్లాంజ్ దగ్గర కాస్త లావుగా, బయటికి పోయేకొద్దీ సన్నగా, ప్రామాణికంగా 20కి 1 వాలుతో ఉంటుంది. జత కుడివైపు జరిగితే కుడి చక్రం తన లావు భాగం మీద, ఎడమ చక్రం తన సన్న భాగం మీద దొర్లుతాయి. రెండూ ఒకే యాక్సిల్‌కు బిగించి ఉన్నందున కుడిది ఎక్కువ దూరం నడిచి జతను మళ్లీ మధ్యకు తిప్పుతుంది. 1750 మీటర్ల వ్యాసార్థం ఉన్న వంపును తీసుకుంటే, మన బ్రాడ్‌గేజ్‌లో బయటి పట్టా లోపలి పట్టా కన్నా వెయ్యింట ఒక వంతు పొడవు. అంటే 1000 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న వ్యాగన్ చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి బయటిది సుమారు 3 మిల్లీమీటర్లు ఎక్కువ నడవాలి. జత 5 మిల్లీమీటర్లు బయటికి జరిగితే ఆ తేడా సరిగ్గా పూడుతుంది. ఫ్లాంజ్‌తో పని పడదు. మన హైదరాబాద్ మెట్రో ఇంతకన్నా ఇరుకైన 1435 మిల్లీమీటర్ల గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) మీద నడిచినా సూత్రం ఇదే.

చక్రం "తిరిగి వచ్చే" గుణం అంటే ఇదే. ఈ మాటే వినికిడిలో మారి, పడిపోయాక తిరిగి వస్తుందన్న కథ అయి ఉంటుంది. ఆ గుణానికి ఉన్న చోటు పట్టా మీద ఇరువైపులా కలిపి 2 సెంటీమీటర్ల లోపే. వాలు ఎక్కువ పెడితే ఇంకా బాగా తిరిగి వస్తుంది కదా అంటే, వేగం పెరిగినప్పుడు జత ఆగకుండా అటూ ఇటూ ఊగడం మొదలవుతుంది, అది మరో ప్రమాదం.

అపోహ: ఫ్లాంజ్ ఇంకా ఎత్తుగా, లేదా చక్రానికి రెండు వైపులా పెడితే సమస్య తీరిపోతుంది.

వాస్తవం: రైలు ఒక మార్గం నుంచి మరో మార్గానికి మారే పాయింట్లు, క్రాసింగుల దగ్గర ఒక పట్టా మరో పట్టాను దాటుతుంది. ఫ్లాంజ్ పోవడానికి అక్కడ విడిచిన సందు లోపలి వైపు ఫ్లాంజ్‌కు మాత్రమే సరిపడేది. బయట మరో ఫ్లాంజ్ ఉంటే అది నేరుగా ఉక్కుకు కొట్టుకుంటుంది. ఎత్తు సంగతీ అంతే. ట్రెడ్ అరిగేకొద్దీ ఫ్లాంజ్ దానంతట అదే ఎత్తు పెరుగుతుంది, 35 మిల్లీమీటర్లకు చేరితే ఆ చక్రాన్ని సర్వీసు నుంచి తీసేస్తాం. ఎత్తు ఫ్లాంజ్ భద్రం కాదు, అది సందుల అడుగున ఉన్న దిమ్మలను, బోల్టులను తాకే ఫ్లాంజ్.

అపోహ: బరువు ఉన్న వ్యాగనే పట్టా తప్పుతుంది, ఖాళీది భద్రం.

వాస్తవం: మా పనిలో అన్నిటికన్నా ఎక్కువ పొరబడేది ఇక్కడే. చక్రం పట్టాను ఎక్కుతుందా లేదా అన్నది, పక్కకు తోసే బలానికీ కిందికి నొక్కే బరువుకూ మధ్య ఉండే నిష్పత్తి తేలుస్తుంది. ఫ్రెంచి ఇంజనీరు నాదాల్ పేరుతో ఉన్న నూరేళ్లు దాటిన సూత్రం నేటికీ దీనికి ఆధారం. మన ఫ్లాంజ్ వాలు సుమారు 68 డిగ్రీలు. రాపిడి గుణకం 0.3 అనుకుంటే, పక్క బలం చక్రం మీది బరువుకు దాదాపు ఒకటింబావు రెట్లు దాటినప్పుడు చక్రం ఎక్కే వీలుంది. బాక్స్ఎన్ రకం బొగ్గు వ్యాగన్ నిండుగా 81 టన్నులుంటుంది, ఎనిమిది చక్రాలకు పంచితే ఒక్కొక్కదాని మీద సుమారు 10 టన్నులు. దాన్ని ఎక్కించాలంటే పన్నెండున్నర టన్నుల తోపు కావాలి. అదే వ్యాగన్ ఖాళీగా సుమారు 22.5 టన్నులే గనుక, చక్రానికి 2.8 టన్నులే పడుతుంది. మూడున్నర టన్నుల తోపు చాలు. దానికి తోడు ఖాళీ వ్యాగన్ కింద స్ప్రింగులు అంతగా అణగవు, అందువల్ల పట్టా ఒకచోట కొద్దిగా మెలి తిరిగి ఉంటే ఒక చక్రం మీద బరువు ఇంకా తగ్గిపోతుంది. నిండు వ్యాగన్‌లో సైతం సరుకు ఒక పక్కకే పోసి ఉంటే తేలికైన పక్క చక్రాలది ఇదే పరిస్థితి. ఖాళీ రేక్‌ను (ఒకే రైలుగా కలిపిన వ్యాగన్ల వరుసను) పరీక్షించేటప్పుడు "ఖాళీయే కదా" అని తొందరపడే వారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

అపోహ: పట్టాకు గ్రీజు రాస్తే చక్రం జారి పడిపోతుంది, కొత్తగా చెక్కిన చక్రం అన్నింటికన్నా భద్రం.

వాస్తవం: రెండూ తలకిందులు. వంపులలో గ్రీజు రాసేది పట్టా తలకు లోపలి పక్కన, ఫ్లాంజ్ రాసుకునే చోట. పైన చెప్పిన లెక్కలో రాపిడి 0.3 నుంచి 0.5కు పెరిగితే పది టన్నుల చక్రం ఎక్కడానికి దాదాపు 9 టన్నుల తోపే చాలుతుంది. ఫ్లాంజ్ పట్టాను పట్టుకుని పైకి పాకడానికి రాపిడి మెట్టులా పనిచేస్తుంది, గ్రీజు ఆ మెట్టును తీసేస్తుంది. అరిగిన చక్రాన్ని లేత్ యంత్రం మీద చెక్కి తిరిగి ఆకారానికి తెస్తాం. లేత్ మీద నుంచి అప్పుడే దిగిన చక్రం ఫ్లాంజ్ మీద వేలు పెట్టి చూస్తే కట్టింగ్ టూల్ గీసిన సన్నని గీతలు చేతికి తగులుతాయి. ఆకారం సరిగ్గానే ఉంటుంది, కానీ ఆ గరుకుదనం కొంత దూరం నడిచి నున్నబడేదాకా రాపిడి ఎక్కువే. అందుకే చెక్కిన చక్రానికి కొలతలే కాక ఉపరితలం కూడా చూడాలి.

అపోహ: వంతెనల మీద మధ్యలో ఉండే అదనపు పట్టాలు తప్పిన పెట్టెను తిరిగి ఎక్కిస్తాయి.

వాస్తవం: వాటిని గార్డు రైల్స్ అంటాం (ఇక్కడ రైల్ అంటే పట్టా). బ్రాడ్‌గేజ్‌లో అసలు పట్టాకు సుమారు 250 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. అప్పటికే పడిపోయిన చక్రాన్ని ఆ సందులోనే నడిపించి, పెట్టె వంతెన అంచు దాటకుండా ఆపడమే వాటి పని, ఎక్కించడం కాదు. ఇరుకైన వంపులలో, లెవెల్ క్రాసింగులలో పట్టాకు దగ్గరగా ఉండేవి చెక్ రైల్స్, వాటి సందు చాలా తక్కువ, ఉద్దేశం వేరు.

పడిన తరువాత పనికొచ్చే రూపకల్పన ఎలా ఉంటుందో జపాన్ అనుభవం చూపుతుంది. 2004 అక్టోబరు 23న నీగాతా భూకంపంలో గంటకు సుమారు 200 కిలోమీటర్ల వేగంతో పోతున్న షింకాన్సెన్ (బుల్లెట్) రైలులో పది పెట్టెలకు ఎనిమిది పట్టాలు తప్పాయి, అయినా ఎవరూ చనిపోలేదు. పెట్టెల కింది భాగాలు పట్టాకు తగులుకుని వాటిని మార్గం పక్కకు పోనీయలేదు. దానిని గమనించి ఆ తరువాత బోగీలకు యాక్సిల్ దగ్గర ఎల్ ఆకారపు ఉక్కు కొక్కేలను బిగించారు. అంత ఆధునికమైన చోట కూడా చక్రాన్ని తిరిగి ఎక్కించే ప్రయత్నం చేయలేదు, దూరం పోకుండా మాత్రమే చూశారు. మన ఎల్‌హెచ్‌బీ అనే కొత్త రకం కోచ్‌లలో పెట్టెలను కలిపి గట్టిగా పట్టుకునే కప్లర్లు ఒక పెట్టె మరొకదాని మీదికి ఎక్కకుండా ఆపడం కూడా ఇదే కోవలోది.

అపోహ: ఒక్కోసారి చక్రం తానే ఎక్కేస్తుందట, అప్పుడు ఇక బాధ లేనట్టే.

వాస్తవం: ఎక్కడం అరుదుగా జరుగుతుంది. మెల్లగా పోతున్న రైలులో పట్టాకు ఆనుకుని పడిన చక్రం, లెవెల్ క్రాసింగ్ దగ్గర రోడ్డు ఎత్తు మీదికి వచ్చినప్పుడో, పాయింట్ల దగ్గర ఉక్కు మధ్య ఇరుక్కున్నప్పుడో తిరిగి పట్టా మీద పడవచ్చు. అక్కడ కూడా ఎక్కించింది చక్రం కాదు, నేల. బాధ లేకపోవడం అన్నది మాత్రం పూర్తిగా తప్పు. స్లీపర్ల మధ్య దూరం సుమారు 60 సెంటీమీటర్లు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో పడిన చక్రం సెకనుకు దాదాపు 28 సార్లు కాంక్రీటును గుద్దుతుంది. ఆ దెబ్బలు బేరింగ్ రోలర్ల మీద, యాక్సిల్ మీద పడతాయి.

చాలా ఏళ్ల కిందట, నేను పనిచేసిన ఒక యార్డులో తెల్లవారుజామున వచ్చిన ఖాళీ రేక్‌ను టార్చిలైటుతో చూసుకుంటూ పోతుంటే ఒక వ్యాగన్ దగ్గర అడుగు ఆగిపోయింది. నాలుగు జతలూ పట్టా మీదే ఉన్నాయి. కానీ ఒక జత ఫ్లాంజ్ కొన మీద గోరు పట్టేంత నొక్కులు, ట్రెడ్ మీద తెల్లని కాంక్రీటు పొడి, బ్రేక్ బీమ్ అడుగున కొత్తగా గీరిన మెరుపు. కంట్రోల్ ఆఫీసుకు చెప్పి మార్గం వెదికించగా, స్లీపర్ల మీద వరుసగా దెబ్బలు, పట్టాను పట్టి ఉంచే క్లిప్పులు ఎగిరిపోయిన చోట్లు, చివరికి ఒక గేటు దగ్గర పట్టా తల మీద ఏటవాలుగా చక్రం ఎక్కిన గీత దొరికాయి. రైలు అలా ఎంత దూరం వచ్చినా ఇంజనులో ఉన్నవారికి తెలియలేదు, పొడవైన గూడ్సులో ఒక్క జత తప్పితే తెలియడం కష్టమే.

రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం మన బ్రాడ్‌గేజ్‌లో 1600 మిల్లీమీటర్లు ఉండాలి, 2 ఎక్కువ, 1 తక్కువ వరకు ఒప్పుకుంటాం. దాన్ని ఒకచోట కొలిస్తే చాలదు, 120 డిగ్రీల ఎడంలో మూడు చోట్ల కొలవాలి. ఆ జతకు మొదటి రెండు చోట్లా కొలత హద్దులోనే వచ్చింది. వ్యాగన్‌ను కొద్దిగా జరిపించి మూడో చోట కొలిచే గేజ్ పెడితే 1604 చూపింది. యాక్సిల్ వంగింది. వ్యాగన్ మీద సుద్దతో సిక్ (నడపడానికి పనికిరాదన్న) గుర్తు వేసి, రేక్ నుంచి విడదీయించి, బేరింగులతో సహా ఆ జతను వర్క్‌షాపుకు పంపే కాగితం రాశాను.