ఆకులు తీసేసిన కుండీ

చలికాలం వచ్చి ఢిల్లీ గాలి మసకబారగానే 'గాలిని శుభ్రం చేసే మొక్కలు' అన్న ప్రకటనలు మళ్లీ మొదలవుతాయి. స్నేక్ ప్లాంట్, అరెకా పామ్, అన్నిటికీ 'నాసా తేల్చింది' అన్న ముద్రే. అదంతా ఉత్తిదే అని శాస్త్రవేత్తలు కొట్టిపారేస్తారు. అమ్మేవాళ్లూ, కొట్టిపారేసేవాళ్లూ ప్రస్తావించేది 1989 నాటి ఒకే నాసా ప్రయోగాల నివేదికను.

అమెరికాలో మిసిసిపీలోని నాసా స్టెన్నిస్ కేంద్రంలో బిల్ వుల్వర్టన్ బృందం ఆ ప్రయోగాలు చేసింది. మొక్కల వ్యాపారంతో ముడిపడిన ల్యాండ్‌స్కేప్ కాంట్రాక్టర్ల సంఘం కూడా అందులో భాగస్వామి. గాలి చొరబడని ప్లెక్సిగ్లాస్ (గాజులాంటి ప్లాస్టిక్) పెట్టెలో కుండీ పెట్టి బెంజీన్, ఫార్మాల్డిహైడ్ లాంటి హానికర రసాయనాల ఆవిర్లు వదిలారు. 24 గంటలయ్యాక కొలిస్తే తగ్గాయి. జనంలోకి వెళ్లింది ఇంతవరకే.

ఆ నివేదికలోనే ఇంకో ప్రయోగం ఉంది. మొక్క ఆకులన్నీ తుంచేసి, ఆ మోడునే కుండీతో సహా పెట్టెలో పెట్టారు. బెంజీన్ అప్పుడూ తగ్గింది! పని ఎక్కువగా జరిగేది వేర్ల దగ్గర, మట్టిలోని సూక్ష్మజీవుల వల్లేనని వుల్వర్టన్‌కు అర్థమైంది. అందుకే కుండీలో యాక్టివేటెడ్ కార్బన్ (ఆవిర్లను పట్టుకునేలా తయారుచేసిన బొగ్గు) నింపి, చిన్న ఫ్యాన్‌తో గాలిని వేర్ల గుండా లాగే ఏర్పాటు చేశారు. విషాన్ని కార్బన్ పట్టి ఉంచుతుంది, బ్యాక్టీరియా తీరిగ్గా తింటుంది. నా దృష్టిలో ఈ కథంతటికీ కీలకం ఈ ఫ్యానే. మొక్కల పేర్లు దేశదేశాలూ తిరిగాయి, ఫ్యాన్ మాత్రం నివేదికలోనే ఉండిపోయింది.

నిజానికి ఈ కిటుకు పాతదే. మురుగు కంపును సూక్ష్మజీవులకు మేపే పద్ధతికి 1957లోనే రిచర్డ్ పోమెరాయ్ అమెరికాలో పేటెంట్ తీసుకున్నారు. కంపోస్టు, చెట్టు బెరడు పరిచి, వాటిలోంచి చెడుగాలిని పంపే బయోఫిల్టర్లు నేటికీ పనిచేస్తున్నాయి. అక్కడా గాలిని బలవంతంగా తోస్తేనే పని.

2019లో డ్రెక్సెల్ యూనివర్సిటీ పరిశోధకులు పాత ప్రయోగాలు ఎన్నో తీసుకుని లెక్కగట్టారు. మామూలు భవనంలో లోపలి గాలి పోయి బయటి గాలి రావడం వల్ల కలిగే మేలుకు సాటి రావాలంటే నేల చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలట. ఆ లెక్క ఊరికే కూర్చోబెట్టిన కుండీలకు. ఫ్యాన్ పెట్టిన కుండీ సంగతి వేరు, దాన్నీ దీన్నీ ఒకే గాటన కట్టడం అన్యాయం.

ఇక మన కిటికీలో నీళ్ల సీసాలో పెరిగే మనీ ప్లాంట్‌కు మట్టీ లేదు, ఫ్యానూ లేదు. పైగా ఢిల్లీ వాళ్లను ఉక్కిరిబిక్కిరి చేసేది ముఖ్యంగా పీఎం 2.5 అనే అతి సన్నని ధూళి. 1989లో ఆ పెట్టెల్లో కొలిచింది ఆవిర్లను, ధూళిని కాదు.