అసెంబ్లీలో ఓడి లోక్‌సభకు: తెలంగాణలో ఈ దారి ఎలా పడింది

2018 డిసెంబరు 11న అంబర్‌పేటలో కిషన్‌రెడ్డి 1,016 ఓట్ల తేడాతో ఓడిపోయారు. అదే రోజు కొడంగల్‌లో రేవంత్‌రెడ్డి 9,319 ఓట్లతో ఓడారు. నల్గొండలో వరసగా నాలుగుసార్లు గెలిచిన కోమటిరెడ్డి వెంకట్‌రెడ్డికీ అదే గతి పట్టింది. 2019 మే 23 సాయంత్రానికి ఈ ముగ్గురూ ఎంపీలు. వారం తిరిగేసరికి కిషన్‌రెడ్డి కేంద్ర హోంశాఖ సహాయ మంత్రి అయ్యారు. రేవంత్‌రెడ్డి నాలుగున్నరేళ్ల తర్వాత ముఖ్యమంత్రి అయ్యారు. ఓడిన ఎమ్మెల్యే అయిదారు నెలల్లో ఢిల్లీలో తేలడం ఇప్పుడు తెలంగాణలో మామూలైపోయింది. కానీ ఈ దారి వేసింది వీళ్లెవరూ కాదు, కేసీఆర్.

2018 సెప్టెంబరు 6న ఆయన అసెంబ్లీని గడువుకు ముందే రద్దు చేయించారు. అప్పటిదాకా 1999, 2004, 2009, 2014 ఎన్నికల్లో తెలుగు ఓటరు ఒకే విడతలో ఎమ్మెల్యేకు ఒక ఓటు, ఎంపీకి ఒక ఓటు వేసి వచ్చేవాడు. ఓడినవాడికి ఉప ఎన్నికో, ఎమ్మెల్సీనో, రాజ్యసభో తప్ప ఐదేళ్లదాకా ఇంకో దారి లేదు. రెండు సభల మీదా కన్నున్నవాళ్లు రెంటికీ ఒకేసారి నామినేషన్ వేసేవాళ్లు. 2004లో కేసీఆర్ సిద్దిపేట అసెంబ్లీకీ, కరీంనగర్ లోక్‌సభకూ పోటీ చేసి రెండూ గెలిచి సిద్దిపేట వదులుకున్నారు. 2014లో గజ్వేల్, మెదక్ రెండూ గెలిచి ఈసారి మెదక్ వదులుకున్నారు. 2018 రద్దుతో అసెంబ్లీ పోలింగ్ డిసెంబరు 7న, లోక్‌సభ పోలింగ్ 2019 ఏప్రిల్ 11న జరిగాయి. మధ్యలో నాలుగు నెలలు. ఆ సందులోంచే ఓడినవాళ్లంతా దూరారు.

ఈ సందు పూర్తిగా కొత్తదేమీ కాదు. 1990లలో ఉమ్మడి రాష్ట్రంలో రెండు ఎన్నికలూ విడివిడిగానే నడిచాయి. 1994లో ఎమ్మెల్యేగా గెలిచిన ఎర్రన్నాయుడు 1996లో శ్రీకాకుళం ఎంపీ అయ్యి కేంద్ర మంత్రి కాగలిగింది అందుకే. బాలయోగిది అటూ ఇటూ నడిచిన దారి. 1991లో అమలాపురం ఎంపీ, 1996లో ఓటమి, ఆపైన ముమ్మిడివరం ఉప ఎన్నికలో గెలిచి రాష్ట్ర మంత్రి, 1998లో మళ్లీ ఎంపీ, వెంటనే లోక్‌సభ స్పీకర్. 1999 నుంచి క్యాలెండర్లు కలిసిపోయి ఆ రాకపోకలు తగ్గాయి. ఆంధ్రప్రదేశ్‌లో నేటికీ కలిసే ఉన్నాయి కాబట్టి అక్కడ అసెంబ్లీలో ఓడాక అదే ఏడాది సాధారణ ఎన్నికలో ఎంపీగా బరిలో దిగే వీలే లేదు.

ఎమ్మెల్యేగా ఓడినవాడిని ఎంపీగా ఎందుకు గెలిపిస్తారు? లెక్క ఏడింటిది. తెలంగాణలో 119 అసెంబ్లీ స్థానాలు, 17 లోక్‌సభ స్థానాలు, అంటే ఒక్కో ఎంపీ కింద ఏడు సెగ్మెంట్లు. అంబర్‌పేటలో వెయ్యి ఓట్లతో పోయిన నాయకుడికి సికింద్రాబాద్ లోక్‌సభ పరిధిలోని మిగతా ఆరు చోట్లా పార్టీ ఓటు ఉంటుంది. కిషన్‌రెడ్డి మెజారిటీ 62,114. పైగా రాష్ట్రాన్ని ఎవరు ఏలాలన్న ప్రశ్న అప్పటికి తీరిపోయి ఉంటుంది, రెండోసారి ఓటరు ముందున్నది ఢిల్లీ ప్రశ్న. 2018 డిసెంబరులో 88 అసెంబ్లీ స్థానాలు గెలిచిన టీఆర్ఎస్‌కు 2019లో దక్కినవి తొమ్మిది లోక్‌సభ స్థానాలే. ఒక్క ఎమ్మెల్యేతో మిగిలిన బీజేపీకి నాలుగు వచ్చాయి. 2023లో 39 మంది ఎమ్మెల్యేలున్న బీఆర్ఎస్‌కు 2024 జూన్‌లో ఒక్క ఎంపీ కూడా దక్కలేదు. ఎనిమిది మంది ఎమ్మెల్యేలున్న బీజేపీకి ఎనిమిది మంది ఎంపీలు వచ్చారు. వాళ్లలో ఈటల రాజేందర్, రఘునందన్‌రావు, బండి సంజయ్, ధర్మపురి అర్వింద్ నలుగురూ ఆరు నెలల ముందు అసెంబ్లీకి ఓడినవాళ్లే.

దుబ్బాక, మెదక్‌ల కథ చూస్తే ఇది కుండమార్పిడిలా ఉంటుంది. 2020 ఉప ఎన్నికలో దుబ్బాకను రఘునందన్‌రావు వెయ్యికి కాస్త పైన ఓట్లతో గెలిచారు. 2023లో ఆయన్ను ఓడించింది మెదక్ సిట్టింగ్ ఎంపీ కొత్త ప్రభాకర్‌రెడ్డి, తేడా 53 వేలకు పైగా. ప్రభాకర్‌రెడ్డి ఎమ్మెల్యే అయ్యి మెదక్ ఖాళీ చేశారు. ఆ ఖాళీలో 2024లో రఘునందన్ 39 వేలకు పైగా మెజారిటీతో కూర్చున్నారు. దుబ్బాక కూడా మెదక్ లోక్‌సభ పరిధిలోదే. ఊళ్లు అవే, ఓటర్లు వాళ్లే, కుర్చీలు మారాయంతే.

రెండు సభల్లో ఒకేసారి ఎందుకు కూర్చోకూడదు? రాజ్యాంగం 101వ అధికరణం రెండో క్లాజు కూర్చోనివ్వదు. దాని కింద 1950లో వచ్చిన నిబంధనలు 14 రోజుల గడువు పెట్టాయి. చాలామంది పొరబడేది ఇక్కడే. గడువు ఫలితం వచ్చిన రోజు నుంచి కాదు, ఎన్నికైనట్లు గెజిట్‌లో ప్రచురించిన తేదీ నుంచి. కేంద్ర గెజిట్, రాష్ట్ర గెజిట్‌లలో ఏది ఆలస్యమైతే ఆ తేదీ లెక్క. ఇంకో పొరపాటు, పాత సీటు దానంతటదే పోతుందనుకోవడం. గడువులోగా శాసనసభకు రాజీనామా చేయకపోతే పోయేది ఎప్పుడూ పార్లమెంటు సీటే. ఎమ్మెల్యేగా ఉండి ఎంపీగా గెలిచినవాడు ఊరుకుంటే, చెమటోడ్చి గెలిచిన ఎంపీ పదవి చేజారుతుంది. ఎంపీగా ఉండి ఎమ్మెల్యే అయినవాడు ఊరుకున్నా ఎంపీ పదవే పోతుంది, కాకపోతే అతనికి కావలసిందీ అదే. రాజీనామా స్పీకర్‌కు స్వయంగా రాసి ఇవ్వాలి, ఆయన ఆమోదించాలి. అది ఇష్టపూర్వకమా, నిజమైనదా అని విచారించే అధికారం 1974లో 33వ సవరణతో స్పీకర్‌కు వచ్చింది.

ఈ 14 రోజుల నిబంధన ఒక పార్టీ కొంప ముంచిన సందర్భం హుజూర్‌నగర్. 2018లో అక్కడ ఎమ్మెల్యేగా గెలిచిన ఉత్తమ్‌కుమార్‌రెడ్డి, అప్పటి పీసీసీ అధ్యక్షుడు, 2019లో 25,682 ఓట్ల మెజారిటీతో నల్గొండ ఎంపీ అయ్యారు. జూన్ 5న శాసనసభకు రాజీనామా చేశారు. 2018లో కాంగ్రెస్ గెలిచింది 19. పార్టీ ఫిరాయింపులను నిషేధించే రాజ్యాంగ పదో షెడ్యూలు ప్రకారం విలీనం చెల్లాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 19కి ఆ లెక్క 13, 18కి సరిగ్గా 12. జూన్ 6న పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనం కోరుతూ స్పీకర్‌ను కలిశారు, ఆ రోజే ఆమోదముద్ర పడింది. పదమూడో మనిషి కోసం వెతికే పని ఆ రాజీనామాతో తప్పిపోయింది. అక్టోబరు ఉప ఎన్నికలో హుజూర్‌నగర్ కూడా 43 వేలకు పైగా ఓట్లతో టీఆర్ఎస్‌కు పోయింది. ఒక ఎంపీ సీటు కోసం కాంగ్రెస్ ఇంత కట్టింది.

తిరుగు ప్రయాణానికి ఖర్చు పెట్టేది ఓటర్లు, మల్కాజిగిరి వాళ్లనే అడగండి. దేశంలోనే ఎక్కువ ఓటర్లున్న స్థానం, 2019 నాటికే 31 లక్షలు దాటారు. 2014లో గెలిచిన మల్లారెడ్డి 2018 డిసెంబరులో మేడ్చల్ ఎమ్మెల్యే అయ్యి ఎంపీ పదవి వదిలారు. 2019లో 10,919 ఓట్లతో గెలిచిన రేవంత్‌రెడ్డి 2023 డిసెంబరులో కొడంగల్ ఎమ్మెల్యేగా, ముఖ్యమంత్రిగా వెళ్లిపోయారు. రెండుసార్లూ ఉప ఎన్నిక రాలేదు. ప్రజాప్రాతినిధ్య చట్టం 151ఎ సెక్షన్ ఆరు నెలల్లో ఉప ఎన్నిక జరపాలంటుంది గానీ, మిగిలిన పదవీకాలం ఏడాదిలోపు ఉంటే అక్కర్లేదని మినహాయిస్తుంది. డిసెంబరు ఖాళీకి జూన్ దాకా ఆరు నెలలే. 2023 డిసెంబరులో నల్గొండ, భువనగిరి, మెదక్‌లు కూడా అలాగే ఎంపీ లేకుండా ఉండిపోయాయి. చట్టం దృష్టిలో ఇది లోపం కాదు. మల్కాజిగిరి ఓటరుకు మాత్రం పదేళ్లలో ఏడాది మేర ఎంపీ లేడు.

మరి గెలిచి వెళ్లినవాళ్లు ఎందుకు తిరిగొస్తారు? ఎంపీ ల్యాడ్స్, అంటే ఎంపీ నియోజకవర్గ అభివృద్ధి నిధులు, ఏడాదికి 5 కోట్లు, ఏడు సెగ్మెంట్లకు పంచితే ఒక్కోదానికి సుమారు 71 లక్షలు. అదీ ఎంపీ సిఫారసు చేస్తారు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. పింఛను, ఇల్లు, రేషన్‌కార్డు, ఎస్సై పోస్టింగు ఇవన్నీ రాష్ట్రం చేతిలోవి. పొద్దున్నే ఇంటి ముందు నిలబడే జనం అడిగేవీ అవే. కేంద్ర మంత్రి పదవి దక్కని ఎంపీకి, అందులోనూ ప్రతిపక్ష ఎంపీకి, ఐదేళ్లు గడపడం కష్టం. అందుకే 2023లో రేవంత్, ఉత్తమ్, వెంకట్‌రెడ్డి ముగ్గురూ అసెంబ్లీకి పోటీ చేశారు, గెలిచి ఒకరు ముఖ్యమంత్రి, ఇద్దరు మంత్రులు అయ్యారు. బీజేపీ కూడా ముగ్గురు ఎంపీలను దింపింది, ముగ్గురూ ఓడారు. వాళ్లకు నష్టమేమీ లేదు, ఎంపీ పదవి చేతిలోనే ఉంది.

ఎంపీగా ఉంటూనే ముఖ్యమంత్రి అయితే? మంత్రికి ఆరు నెలలదాకా చట్టసభ సభ్యత్వం లేకపోయినా చెల్లుతుంది, శాసనసభకు ఎన్నిక కానంతవరకు 14 రోజుల గడియారం మొదలే కాదు. 1999 ఏప్రిల్ 17న ఒడిశా ముఖ్యమంత్రి గిరిధర్ గమాంగ్ కొరాపుట్ ఎంపీ హోదాలో లోక్‌సభ విశ్వాస పరీక్షలో ఓటు వేసింది ఈ ఆధారంతోనే. వాజపేయి ప్రభుత్వం 269–270తో పడిపోయింది. ఆ నిర్ణయాన్ని గమాంగ్ అంతరాత్మకే వదిలేసిన స్పీకర్ మన బాలయోగే.

నాలుగు నెలల్లో రెండో ఎన్నికకు దిగేవాళ్లు ఏమరుపాటుగా ఉండకూడని విషయం ఒకటుంది. మొదటి ఎన్నిక ఖర్చుల లెక్క ఫలితం వచ్చిన 30 రోజుల్లో జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడినవాళ్లకు ఏజెంటు దొరకడు, బిల్లులు దొరకవు, ఆ దిగులులో ఎగ్గొడతారు. సరైన కారణం చూపకపోతే ఎన్నికల సంఘం మూడేళ్లు అనర్హత వేయగలదు, అప్పుడు లోక్‌సభ టికెట్ వచ్చినా పనికిరాదు. రెండో నామినేషన్‌కు ఆస్తులు, కేసుల అఫిడవిట్ మళ్లీ కొత్తగా ఇవ్వాలి. డిపాజిట్ 10 వేలు కాదు, 25 వేలు. ఖర్చు పరిమితి 40 లక్షల నుంచి 95 లక్షలకు పెరుగుతుంది. కలిసొచ్చేది ఒకటుంది. అసెంబ్లీకి ఆ రాష్ట్రంలో ఓటరై ఉండాలి, లోక్‌సభకు దేశంలో ఎక్కడ ఓటరైనా సరే. మంథని ఎమ్మెల్యేగా మొదలైన పీవీ 1984లో హనుమకొండలో ఓడినా మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి లోక్‌సభలో అడుగుపెట్టగలిగారంటే అందుకే.

2024 డిసెంబరు 17న లోక్‌సభలో పెట్టిన 129వ రాజ్యాంగ సవరణ బిల్లు, అంటే జమిలి ఎన్నికల బిల్లు, ఈ సందును మూసేస్తుంది, కానీ ఇప్పుడే కాదు. బిల్లు ఉన్నది ఉన్నట్టు చట్టమై, 2029 లోక్‌సభ తొలి సమావేశం రోజున నోటిఫికేషన్ వస్తే, ఆ తేదీ తర్వాత ఏర్పడే అసెంబ్లీల గడువే లోక్‌సభతో ముగుస్తుంది. తెలంగాణ అసెంబ్లీ ఎన్నికలు గడువు ప్రకారం 2028 చివర్లో, అంటే ముందే అయిపోతాయి. అది 2033 చివరిదాకా నడుస్తుంది, తర్వాత వచ్చే అసెంబ్లీకి మిగిలేది 2034 వేసవి వరకే. కాబట్టి 2028 డిసెంబరులో ఓడినవాడికి 2029లోనూ, 2033లో ఓడినవాడికి 2034లోనూ రెండో అవకాశం ఉంటుంది.